తండ్రి పోయాక పొలం ఎవరిది? తొలినాటి అమెరికాలో భూమి పంపకాల లెక్క

1786 మే నెలలో కెంటకీలో ఒక రైతు తన పొలంలో పని చేసుకుంటూ స్థానిక తెగలవారి దాడిలో చనిపోయాడు. కెంటకీ అప్పటికింకా వర్జీనియాలో భాగం. ఆ రైతు పేరు అబ్రహాం లింకన్. తర్వాతి కాలంలో అధ్యక్షుడైన లింకన్‌కు ఈయన తాత, ఆ మనవడికి పెట్టింది ఈయన పేరే. భార్యను, ముగ్గురు కొడుకులను, ఇద్దరు కూతుళ్లను, 5,000 ఎకరాలకు పైబడిన భూమి హక్కులను వదిలి పోయాడు. వీలునామా మాత్రం రాయలేదు.

భూమంతా పెద్దకొడుకు మొర్డెకైకి చేరింది. ఎనిమిదేళ్ల చిన్నకొడుకు థామస్‌కు సెంటు కూడా రాలేదు. తన తండ్రి చిన్నప్పటి నుంచే ఊరూరా తిరిగి కూలి చేసుకున్నాడని, చదువన్నది ఎరగకుండా పెరిగాడని అధ్యక్షుడు లింకన్ తర్వాత రాసుకున్నాడు.

పెద్దకొడుక్కే భూమంతా ఇచ్చే ఆ చట్టాన్ని వర్జీనియా శాసనసభ అప్పటికే కొట్టేసింది. కొత్త చట్టం 1785 సమావేశాల్లోనే ఆమోదం పొందింది. అమల్లోకి వచ్చింది మాత్రం 1787 జనవరి 1న. తాత మరో ఎనిమిది నెలలు బతికి ఉంటే థామస్ కూడా తన అన్నతో సమానంగా భూస్వామి అయ్యేవాడు.

అమెరికాలో మొదటి నుంచీ పిల్లలందరికీ సమాన వాటా ఉండేదని కొందరు, ఇంగ్లండులో మాదిరే అంతా పెద్దకొడుకుదేనని కొందరు అంటుంటారు. రెండూ సగం నిజాలే. ఏ రాష్ట్రం, ఏ సంవత్సరం అన్నది చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ రెండూ తెలిసినా దొరికేది భిన్నం మాత్రమే: మూడోవంతు, ఆరోవంతు అని. ఆ భిన్నాన్ని పొలం మీద గీయడం దగ్గరే అసలు చిక్కంతా.

ముందు కొన్ని మాటలకు అర్థం

వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే చట్టం ప్రకారం పంపకం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం రెండో రకం గురించే.

ఆస్తి రెండు రకాలు. భూమి, ఇల్లు, కొట్టం స్థిరాస్తి. పశువులు, పనిముట్లు, ధాన్యం, మంచాలు, రావలసిన బాకీలు చరాస్తి. రెండింటి దారులు వేరు. పెద్దకొడుకు పద్ధతి ఉన్న చోట కూడా అది భూమికే వర్తించేది. చరాస్తిలో భార్యకు మూడోవంతు, మిగతాది పిల్లలందరికీ. వర్జీనియాలో ఈ గీత ఇంకా క్రూరమైన చోట పడింది. 1705 చట్టం బానిసలుగా ఉన్న మనుషులను స్థిరాస్తి కింద జమకట్టింది. పొలంతో పాటు వాళ్లను కూడా వెల కట్టి, వాటాల్లో వేసి, తల్లిని ఒకరికి, బిడ్డను మరొకరికి పంచారు.

భార్యకు వచ్చే భూమి వాటాను డవర్ అనేవారు. భర్త భూమిలో మూడోవంతు ఆమె బతికినన్నాళ్లు ఆమెది. దున్నించుకోవచ్చు, కౌలుకిచ్చుకోవచ్చు. ఆమె పోయాక అది భర్త వారసులకు తిరిగి వెళ్తుంది. అందుకని ఒకే పొలాన్ని రెండుసార్లు పంచాల్సి వచ్చేది: తండ్రి పోయినప్పుడు మూడింట రెండు వంతులు, తల్లి పోయినప్పుడు మిగిలిన వంతు. మధ్యలో ముప్పై ఏళ్లు గడిచిపోవచ్చు.

ఇంకొకటి ఎన్‌టెయిల్. అంటే ఎవరూ అమ్మకుండా, వీలునామాతో మార్చకుండా భూమిని వారసుల వరుసకు కట్టేయడం. ఉన్నవాళ్ల ఎస్టేట్లకు వేసిన తాళం లాంటిది. వర్జీనియా దీన్ని 1776లోనే రద్దు చేసింది.

ఒకే కుటుంబం, మూడు చట్టాలు

లెక్క సులువు కోసం తాత లింకన్ భూమి 5,400 ఎకరాలనుకుందాం. ఎకరాలన్నీ ఒకే విలువ చేస్తాయనీ అనుకుందాం. అలా ఎన్నడూ ఉండదు, ఆ సంగతి తర్వాత.

వర్జీనియా పాత చట్టంలో 5,400 ఎకరాలూ మొర్డెకైవి. అందులో 1,800 ఎకరాల మీద తల్లికి జీవితకాల హక్కు. మిగతా నలుగురికి భూమిలో సున్నా.

ఆయన అదే ఏడు మసాచుసెట్స్‌లో చనిపోయి ఉంటే, తల్లి 1,800 ఎకరాలు పోను 3,600 మిగులుతాయి. అక్కడ పెద్దకొడుక్కి రెండు పాళ్లు, మిగతా పిల్లలకు ఆడామగా తేడా లేకుండా తలా ఒక పాలు. మొత్తం ఆరు పాళ్లు, పాలుకు 600. మొర్డెకైకి 1,200, తక్కినవాళ్లకు తలా 600. తల్లి పోయాక ఆమె 1,800 కూడా అదే లెక్కన పంచితే చివరికి మొర్డెకై చేతిలో 1,800, మిగతా ఒక్కొక్కరికి 900.

వర్జీనియా కొత్త చట్టంలో అయిదు సమాన భాగాలు. తల్లి ఉండగా తలా 720, ఆమె తర్వాత తలా 1,080. కూతుళ్లకూ అంతే.

రెండు పాళ్లు ఎక్కడివి?

బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం 17వ వచనంలో జ్యేష్ఠుడికి రెండు పాళ్లు ఇమ్మని ఉంది. మసాచుసెట్స్‌లో స్థిరపడ్డ ప్యూరిటన్లు, అంటే బైబిల్‌ను కచ్చితంగా పాటించే ప్రొటెస్టెంట్లు, దాన్ని 1641 నాటి తమ తొలి చట్టాల సంపుటంలోకి తీసుకున్నారు, 1692 చట్టంలోనూ ఉంచారు. కనెక్టికట్, న్యూహాంప్‌షైర్, పెన్సిల్వేనియా అదే బాట పట్టాయి. వర్జీనియా, కరోలినాలు, న్యూయార్క్ ఇంగ్లండు పద్ధతిలోనే పెద్దకొడుక్కి భూమంతా ఇచ్చాయి.

ఈ రెండు పద్ధతులు ఒకసారి లండన్‌లో ఢీకొన్నాయి. 1717లో వెయిట్ స్టిల్ విన్‌త్రాప్ వీలునామా లేకుండా చనిపోయాడు. కొడుకు జాన్, కూతురు ఆన్. ఆన్ భర్త థామస్ లెచ్‌మియర్. భూమి అంతా నాదేనని జాన్ అన్నాడు, కనెక్టికట్ కోర్టులు ఒప్పుకోలేదు. అతడు వలసల అప్పీళ్లు వినే రాజుగారి సలహా మండలి, ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లాడు. కనెక్టికట్ వారసత్వ చట్టం ఇంగ్లండు చట్టానికి విరుద్ధం, చెల్లదు అని 1728లో కౌన్సిల్ తేల్చింది.

అది ఒక్క కుటుంబంతో పోయే తీర్పు కాదు. దశాబ్దాలుగా పంచుకుని, గట్లు వేసుకుని, అమ్ముకుని, ఇళ్లు కట్టుకున్న భూములన్నిటి మీదా ఏదో ఒక అన్నగారి మనవడు వచ్చి దావా వేయొచ్చన్న భయం పట్టుకుంది. 1738లో మసాచుసెట్స్ చట్టం విషయంలో అదే కౌన్సిల్ పంపకాలను సమర్థించింది. 1745లో మరో కనెక్టికట్ కేసులో పెద్దవారసుడి అప్పీలు నిలబడలేదు. అప్పటికి గానీ రైతులు ఊపిరి పీల్చుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక రెండు పాళ్లు కూడా పోయాయి: మసాచుసెట్స్‌లో 1789లో, పెన్సిల్వేనియాలో 1794లో. వర్జీనియా చర్చల్లో అక్కడి నాయకుడు ఎడ్మండ్ పెండిల్‌టన్ కనీసం రెండు పాళ్లయినా పెద్దకొడుక్కి ఉంచమన్నాడు. పెద్దవాడు రెండింతలు తినగలిగితే, రెండింతలు పని చేయగలిగితే అలాగే ఇద్దామని థామస్ జెఫర్సన్ బదులిచ్చాడు.

మరణం నుంచి గట్టు దాకా

18వ శతాబ్దపు మసాచుసెట్స్‌లో పని ఇలా నడిచేది. ముందు ప్రొబేట్ జడ్జి, అంటే చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు చూసే జడ్జి, ఒక నిర్వాహకుణ్ణి నియమిస్తాడు. ఎక్కువగా భార్య, లేదా పెద్దకొడుకు. ఆస్తిని సక్రమంగా లెక్క చెబుతానని జామీనుదార్లతో బాండు రాసివ్వాలి. తర్వాత ఊళ్లో భూమి ఉన్న ముగ్గురు పెద్దమనుషులు వచ్చి ఆస్తి జాబితా రాసి వెల కడతారు. చెంచాలు, పాత గొంగళ్లు, విరిగిన నాగలి కర్రు కూడా వదలరు.

ఆపైన అప్పులు. ముందు చరాస్తి అమ్మి తీర్చాలి. చాలకపోతే భూమి అమ్మడానికి పై కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఇంగ్లండులో మామూలు చేబదులు అప్పుకు భూమిని పట్టుకోవడం కష్టం. అమెరికాలో అలా కాదు. 1732లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం వలస రాజ్యాల భూములను ఏ అప్పుకైనా బాధ్యం చేసింది. వారసులు ‘మా వాటా ఎంత’ అని అడిగేలోపే పచ్చికబయలు ఒకటి వేలంలో పోయి ఉండేది.

అప్పులు తీరాక మిగిలిన భూమిని పంచడానికి జడ్జి ఊళ్లోని అయిదుగురు రైతులకు వారంటు ఇస్తాడు. వాళ్లు ప్రమాణం చేసి, పొలమంతా నడిచి చూసి, సర్వేయర్‌తో కొలిపించి, ఎవరి భాగం ఎక్కడో రాసి తెస్తారు. జడ్జి ఒప్పుకుంటే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు తమ సంరక్షకుణ్ణి తామే ఎంచుకోవచ్చు. అంతకంటే చిన్నవాళ్లకు కోర్టే నియమిస్తుంది.

తల్లి మూడోవంతు: పొయ్యి, బావి, మెట్లు

ఈ పంపక పత్రాల్లో చదివితే వదలబుద్ధి కానిది డవర్ భాగమే. మూడోవంతు భూమి విడదీయడం ఒక ఎత్తు, ఇంట్లో మూడోవంతు విడదీయడం ఒక ఎత్తు. పెద్దమనుషులు గదులు లెక్కబెట్టి ఇలా రాసేవారు: కింది అంతస్తులో తూర్పు గది, దాని మీది గది, నేలమాళిగలో సగం, ముందు తలుపు గుండా వచ్చిపోయే హక్కు, మెట్లు వాడుకునే హక్కు, వంటింటి పొయ్యిలో రొట్టె కాల్చుకునే హక్కు, బావికి నడిచే దారి, కొట్టంలో ఆవు కట్టుకునే చోటు.

ఇంత వివరం చాదస్తం కాదు. పొయ్యి పెద్దకొడుకు వాటాలోని వంటింట్లో ఉంటుంది. ఆమె సొంత తల్లి కాక సవతి తల్లి అయితే, లేదా రేపు కోడలితో పొసగకపోతే, కాగితం మీద ‘పొయ్యి’ అన్న మాట లేనందుకు ఆమె తన గదిలో పచ్చి పిండి ముద్దతో కూర్చోవాలి. దారి రాయకపోతే బావి ఉన్నా నీళ్లు లేనట్టే.

ఆ భూమిని ఆమె పాడు చేయకూడదు. పొయ్యికి, కంచెకు కావలసిన కట్టె కొట్టుకోవచ్చు, కలప అమ్ముకోకూడదు. అడవి నరికి పొలం చేసినా అది పాడు చేయడం కిందికే వస్తుంది. ఈ తర్కం 1818లో మసాచుసెట్స్ కోర్టును ఒక విచిత్రమైన చోటికి తీసుకెళ్లింది: సాగులో లేని అడవి భూమిలో వితంతువుకు డవరే ఉండదని తీర్పు వచ్చింది. నరికితే తప్పు, నరక్కపోతే ఆదాయం లేదు, కాబట్టి హక్కే వద్దన్నమాట.

వీలునామా రాసినవాళ్లు చాలామంది ఈ గొడవ లేకుండా మనోవర్తి రాసేవారు. పొలం తీసుకున్న కొడుకు తల్లికి ఏటా ఇన్ని బుషెళ్ల (ధాన్యం కొలత) మొక్కజొన్న, ఇంత పందిమాంసం, నరికి ఇంటికి చేర్చిన ఇంత కట్టె, చర్చికి వెళ్లడానికి గుర్రం ఇవ్వాలని. వెంటనే ఇంకో ముక్క: ‘ఆమె నా వితంతువుగా ఉన్నన్నాళ్లు’. మళ్లీ పెళ్లాడితే అన్నీ పోతాయి. చట్టం ఇచ్చే డవర్ అలా పోదు. అందుకే వీలునామా నచ్చని వితంతువు దాన్ని కాదని డవరే కోరుకునే వీలుండేది.

ఎకరాలు కాదు, విలువ: ఒక ఊహా పొలం

మసాచుసెట్స్‌లో 1750 ప్రాంతంలో 90 ఎకరాల రైతు పోయాడనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. ఇల్లు, కొట్టం, తోటతో 6 ఎకరాలు 114 పౌండ్లు. దున్నే నేల 14 ఎకరాలు 70 పౌండ్లు. గడ్డి కోసే మాగాణి 16 ఎకరాలు 80. పశువుల మేత భూమి 30 ఎకరాలు 60. కట్టె అడవి 24 ఎకరాలు 36. మొత్తం 360 పౌండ్లు.

తల్లికి మూడోవంతు 120. మిగిలిన 240ని అయిదు పాళ్లు చేస్తే పాలు 48 పౌండ్లు. పెద్దకొడుక్కి 96.

ఇప్పుడు చిన్నకూతురి 48 పౌండ్లు పొలంలో వెతకండి. గడ్డి నేలగా ఇస్తే 9.6 ఎకరాలు. అడవిగా ఇస్తే 32 ఎకరాలు కావాలి, ఉన్నది 24. సరే, అన్నిటిలో కొంచెం కొంచెం ఇద్దామా? గడ్డి లేనిదే చలికాలంలో పశువులు బతకవు. పశువులు లేనిదే ఎరువు లేదు, ఎరువు లేనిదే దున్నే నేల పండదు. కట్టె లేని ఇల్లు జనవరి దాటదు. న్యూ ఇంగ్లండులో, అంటే మసాచుసెట్స్, కనెక్టికట్ వంటి ఈశాన్య ప్రాంతంలో, ఇల్లు ఒక్కటి ఏడాదికి 30 కార్డుల కట్టె కాల్చేదని అంచనా, కార్డు అంటే 128 ఘనపుటడుగుల పేర్పు. ప్రతి వాటాలో అన్నీ ఉండాలంటే వాటాకు అయిదు ముక్కలు, అయిదు చోట్ల. ఇలా పంచిన పొలం ఒక్కటీ పొలంలా నడవదు.

చట్టానికి ఇది తెలుసు. పొలం చెడిపోకుండా పంచడం కుదరదని పెద్దమనుషులు రాసిస్తే, జడ్జి భూమిని ఒకరికే, మొదట పెద్దకొడుక్కే అప్పగించవచ్చు. అతడు మిగతా ముగ్గురికి తలా 48 చొప్పున 144 పౌండ్లు కట్టాలి, దానికి హామీ ఇవ్వాలి. నాణెం అరుదైన కాలంలో ఇరవై అయిదేళ్ల రైతుకు అది కొండంత బాకీ. వాయిదాల్లో, పశువుల రూపంలో, ధాన్యం రూపంలో తీర్చేవాళ్లు. తీర్చలేనివాళ్లు పొలం తనఖా పెట్టేవాళ్లు. కాగితం మీద సమానమైన పంపకం అన్నను పదేళ్లు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అప్పుపడ్డవాడిని చేసేది.

బతికుండగా ఇచ్చినదాన్నీ లెక్కలోకి తెస్తారు. పెద్దకూతురికి పెళ్లప్పుడు 20 పౌండ్ల సామాను ఇచ్చాడనుకోండి. ఆ 20ని 240కి కలిపితే 260. పాలు 52. పెద్దకొడుక్కి 104, చిన్నవాళ్లిద్దరికీ తలా 52, పెద్దకూతురికి ఇంకా రావలసింది 32. కూడితే 240. అయితే ఆ 20 పౌండ్లు ఇచ్చినట్టు రుజువేది? తండ్రి ఖాతా పుస్తకంలో ‘ఆవు ఒకటి, పరుపు ఒకటి, ఇత్తడి కెటిల్ ఒకటి’ అని రాసి ఉంటే పేచీ లేదు. లేకపోతే తరాలు నడిచే పేచీ.

కూతురి వాటా అన్నాం గానీ, పెళ్లయిన కూతురి భూమి మీద పెత్తనం భర్తదే. బిడ్డ ప్రాణంతో పుడితే, ఆమె చనిపోయాక కూడా ఆ భూమి అతడి జీవితాంతం అతడి చేతిలోనే. న్యూయార్క్‌లో పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి మీద హక్కు వచ్చింది 1848లో.

గొలుసు, దిక్సూచి, ఎండిపోయిన ఓక్

కొలత సాధనం గంటర్ గొలుసు: 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇదే గొలుసును ఇంగ్లీషువాళ్లు మన దగ్గరికీ తెచ్చారు. ఆంధ్రలో సెంటు అంటే సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. అమెరికా పత్రాల్లో ఎక్కువ కనిపించేది గొలుసులో నాలుగోవంతైన రాడ్, 16.5 అడుగులు. 160 చదరపు రాడ్లు ఎకరం.

పత్రంలో సరిహద్దు ఇలా ఉంటుంది: రాళ్లకుప్ప నుంచి ఉత్తరానికి 34 డిగ్రీలు తూర్పుగా 42 రాడ్లు తెల్ల ఓక్ దాకా, అక్కడి నుంచి వాగు వెంట ఫలానా వారి హద్దు దాకా. ఓక్ ఎండిపోతుంది, వాగు దారి మారుతుంది. అన్నిటికంటే మాయదారిది దిక్సూచి. అయస్కాంత ఉత్తరం ఏళ్ల తరబడి జరుగుతూ ఉంటుంది. తాత కాలపు కోణాన్ని సవరించకుండా మనవడి కాలపు దిక్సూచితో నడిస్తే, ఒక్క డిగ్రీ తేడాకే 100 రాడ్ల దూరంలో గీత దాదాపు 29 అడుగులు పక్కకు పోతుంది.

కంచె లెక్క ఇంకొకటి. 80 రాడ్లు పొడవు, 80 వెడల్పు ఉన్న 40 ఎకరాల చదరం. చుట్టూ 320 రాడ్ల కంచె చాలు. అందరికీ రోడ్డు తగలాలని అయిదు పట్టీలుగా చీల్చితే ఒక్కొక్కటి 16 రాడ్ల వెడల్పు, 80 రాడ్ల పొడవు. లోపల నాలుగు కొత్త గట్లు, అంటే మరో 320 రాడ్లు. భూమి అంతే, కంచె రెట్టింపు.

చట్టం మారాక పంపకం మారిందా?

చరిత్రకారులు ఇక్కడ విడిపోతారు. వర్జీనియాలో వీలునామా రాసిన రైతులు ఎప్పుడూ పలువురు కొడుకులకు భూమి ఇచ్చేవారని, కాబట్టి 1776, 1785 సంస్కరణలు పేరుకే పెద్దవని 1960లలో ఒక వాదన బలపడింది. 1997లో వచ్చిన మరో పరిశోధన దీన్ని తిరగేసింది: విప్లవం నాటికి తీరప్రాంత వర్జీనియాలో దాదాపు ముప్పాతిక భూమి ఎన్‌టెయిల్ తాళం కింద ఉందని. రెండూ పూర్తిగా ఎదురెదురు కావు. పెద్ద ఎస్టేట్లకు తాళం ముఖ్యం. వీలునామా రాయకుండా హఠాత్తుగా పోయిన వాళ్ల పిల్లలకు 1785 చట్టం ముఖ్యం. థామస్ లింకన్ ఆ రెండో రకం.

న్యూ ఇంగ్లండు గురించీ రెండు మాటలున్నాయి. సమాన పంపకాలతో పొలాలు తరతరానికీ చిక్కిపోయి జనం పేదలయ్యారని ఒకటి. అంత చిక్కిపోకముందే కుటుంబాలు ఆపేశాయని ఇంకొకటి: ఒక కొడుకు ఇంటి పొలం ఉంచుకుని, మరొకడు చేతిపని నేర్చుకుని, ఇంకొకడు తన వాటా సొమ్ముతో వెర్మాంట్, మెయిన్ వైపు కొత్త భూమికి వెళ్లాడని. పంపక పత్రాల్లో ‘పొలం చెడకుండా పంచలేం’ అన్న మాట ఎంత తరచుగా కనిపిస్తుందో చూస్తే నాకు రెండోదే ఎక్కువ నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. అయితే ఆ కొత్త భూమి ఖాళీగా లేదు. అది స్థానిక తెగలది. ఒక ఇంటి పంపకం సాఫీగా జరగడానికి మూల్యం వేరేవాళ్లు చెల్లించారు.

1787 వాయవ్య భూభాగ శాసనం ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న కొత్త నేలకు మొదటి రోజు నుంచే ఒకే సూత్రం పెట్టింది: వీలునామా లేకపోతే పిల్లలందరికీ సమానం, చనిపోయిన బిడ్డ వాటా ఆ బిడ్డ పిల్లలకు, సవతి బిడ్డలన్న తేడా లేదు, భార్యకు మూడోవంతు జీవితకాలం. భూమిని కూడా అంతకు ముందే, 1785 నుంచి, గీతల చదరాలుగా కొలవడం మొదలైంది: ఆరు మైళ్ల టౌన్‌షిప్, అందులో 640 ఎకరాల సెక్షన్లు 36.

థామస్ లింకన్ పెద్దయ్యాక కెంటకీలో పొలాలు కొన్నాడు. అక్కడ ఒకరి పట్టా మీద మరొకరి పట్టా పెంకుల్లా కప్పుకుని ఉండేవి. హద్దుల తగాదాలు వదల్లేదు. 1816లో అతడు భార్యాబిడ్డలతో ఒహాయో నది దాటి ఇండియానా వెళ్లిపోయాడు. బానిసత్వం కొంత కారణం గానీ, ముఖ్యంగా కెంటకీ భూమి పట్టాల చిక్కుల వల్లేనని కొడుకు రాశాడు. ఇండియానాలో థామస్ ప్రభుత్వం దగ్గర తీసుకున్నది ఒక క్వార్టర్ సెక్షన్, 160 ఎకరాలు. దాని పత్రంలో ఓక్ చెట్టు లేదు, రాళ్లకుప్ప లేదు, అంకెలే ఉన్నాయి.